పాత స్మార్ట్‌ఫోన్ నుంచి కొత్తదానికి: సింబియన్, బ్లాక్‌బెర్రీ, విండోస్ ఫోన్, తొలి ఐఫోన్, తొలి ఆండ్రాయిడ్‌లను పోల్చి సమాచారాన్ని తరలించుకునే పద్ధతి

2002లో నోకియా 7650 వచ్చినప్పటి నుంచి 2013లో లూమియా 520, బ్లాక్‌బెర్రీ జడ్10 వచ్చేదాకా స్మార్ట్‌ఫోన్ అన్న పేరు కింద ఏడెనిమిది వేర్వేరు వ్యవస్థలు నడిచాయి. సింబియన్, పామ్, విండోస్ మొబైల్, బ్లాక్‌బెర్రీ, ఐఫోన్, ఆండ్రాయిడ్, విండోస్ ఫోన్ ఒక్కొక్కటి ఒక్కో దారి పట్టగా, వాటిలో రెండే నేటికి మిగిలాయి. తక్కినవాటిని వాడినవారి ఫోన్లు మాత్రం ఇంకా బీరువాల్లోనూ సొరుగుల్లోనూ ఉన్నాయి. ఇప్పుడు లేని మనుషులు పంపిన మెసేజీలు, పిల్లల చిన్ననాటి వీడియోలు, మరెక్కడా రాసి పెట్టుకోని నంబర్లు వాటిలోనే ఉండిపోయాయి.

ఆ రోజుల్లో ఈ ఫోన్లను పోల్చినవారు కెమెరా మెగాపిక్సెళ్లు, ప్రాసెసర్ వేగం, స్టోర్‌లోని యాప్‌ల సంఖ్య లెక్కగట్టేవారు. ఒకదాని నుంచి మరొకదానికి మారేవారికి ఆ లెక్కలతో పెద్దగా పని లేదు. వారు అడగవలసినది వేరు: ఈ ఫోన్ నా సమాచారాన్ని ఎక్కడ దాస్తుంది, దాన్ని బయటికి తీయడానికి ఎవరి అనుమతి కావాలి? ఈ మార్గదర్శి ఆ ప్రశ్న మీదే నడుస్తుంది, ఎందుకంటే దేన్ని ముందు కాపాడాలో, ఏ పని అసలు చేయకూడదో, దేని మీద ఆశ వదులుకోవాలో ఆ జవాబును బట్టే తేలుతుంది.

మొదటి మెట్టు: చేతిలో ఉన్నది ఏ వ్యవస్థో తేల్చుకోవడం

కంపెనీ పేరు చూసి వ్యవస్థను నిర్ణయించకూడదు. నోకియా ఎన్95, ఈ71, ఈ63, 5800 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్, 5233, ఎన్8, 808 ప్యూర్‌వ్యూ సింబియన్ ఫోన్లు. అదే నోకియా పేరుతో వచ్చిన లూమియాలన్నీ విండోస్ ఫోన్లు. 2011 ఫిబ్రవరిలో నోకియా మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపినప్పుడు ఈ గీత పడింది. లూమియాల్లోనూ రెండు తరాలున్నాయి. లూమియా 800, 710 వంటి విండోస్ ఫోన్ 7 పరికరాలకు 2012లో వచ్చిన విండోస్ ఫోన్ 8 అందలేదు, 7.8 దగ్గరే ఆగిపోయాయి. 520 వంటివి 8తోనే పుట్టాయి. ఈ రెండు తరాల నుంచి సమాచారం తీసే దారులు వేరు కాబట్టి సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలో వెర్షన్ చూసి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

బ్లాక్‌బెర్రీల్లో కర్వ్ 8520 వంటి పాతవి బ్లాక్‌బెర్రీ ఓఎస్ మీద, 2013 నాటి జడ్10, క్యూ10 పూర్తిగా వేరైన బ్లాక్‌బెర్రీ 10 మీద నడుస్తాయి. ఐఫోన్లలో మొట్టమొదటిది 3.1.3 వెర్షన్ దగ్గర, 3జీ 4.2.1 దగ్గర ఆగిపోయాయి. యాపిల్ ఆన్‌లైన్ నిల్వ సేవ అయిన ఐక్లౌడ్ 2011 అక్టోబరులో ఐఫోన్ వ్యవస్థ ఐఓఎస్ 5తో వచ్చింది కనుక ఈ రెండింటికీ అది లేదు. 3జీఎస్‌కు ఐఓఎస్ 6 దాకా అందింది. పాత ఆండ్రాయిడ్ అయితే అది 2.3.7 లేదా అంతకన్నా కిందిదా, పైదా అన్నదే ముఖ్యం. కారణం ఐదో మెట్టులో వస్తుంది.

రెండో మెట్టు: ఏది ఎక్కడ దాస్తుందో పోల్చి చూడడం

సింబియన్ అంతా ఫోన్‌లోనే దాస్తుంది. కాంటాక్టులు, మెసేజీలు, క్యాలెండర్ ఫోన్ మెమరీలో, ఫోటోలు, పాటలు ఎక్కువగా మెమరీ కార్డులో ఉంటాయి. వాటిని బయటికి తేవడానికి ఏ ఖాతా, ఏ సర్వరు అవసరం లేదు. కాంటాక్టు వీకార్డు అనే సామాన్య రూపంలో బ్లూటూత్ మీదుగా వెళ్తుంది, యూఎస్‌బీ తీగ తగిలిస్తే కార్డు కంప్యూటర్‌లో డిస్కులా కనిపిస్తుంది. 2009 తర్వాత ఈ పద్ధతిని పాతకాలపుదని చాలామంది చిన్నచూపు చూశారు. వెనక్కి తిరిగి చూస్తే, తయారుచేసిన కంపెనీ ఆ వ్యవస్థను వదిలేసి ఇన్నేళ్లయినా ఎవరినీ అడగకుండా మన వస్తువు మనకు తిరిగిచ్చేది ఈ ఫోనే. ఈ ఒక్క కొలతతో చూస్తే నా దృష్టిలో సింబియన్‌దే మొదటి స్థానం.

విండోస్ మొబైల్, పామ్, తొలి ఐఫోన్ మూడూ కంప్యూటర్‌ను యజమానిగా భావించాయి. యాక్టివ్‌సింక్, హాట్‌సింక్, ఐట్యూన్స్ పేర్లు వేరైనా పద్ధతి ఒక్కటే: ఫోన్‌లో ఉన్నది కంప్యూటర్‌లోని దానికి ప్రతి. కాబట్టి ఫోన్ చచ్చిపోయినా ఆనాటి కంప్యూటర్ హార్డ్ డిస్కు బతికి ఉంటే సమాచారం అక్కడ దొరకవచ్చు. విండోస్ మొబైల్‌కు పాత రూపమైన పాకెట్ పీసీ 2003, అంతకు ముందరి పరికరాలు, తొలినాటి పామ్‌లు సమాచారాన్ని కరెంటు పోతే చెరిగిపోయే ర్యామ్‌లో ఉంచేవి. విండోస్ మొబైల్ 5.0తో, 2005లో, ఆ పద్ధతి మారింది. అంతకన్నా పాత పరికరం ఏళ్ల తరబడి ఛార్జింగ్ లేకుండా పడి ఉంటే అందులో వెతకడం వృథా. నేరుగా పాత కంప్యూటర్ దగ్గరికి వెళ్లండి.

ఆండ్రాయిడ్, విండోస్ ఫోన్ సమాచారాన్ని ఖాతాలో దాచాయి. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ నుంచే కాంటాక్టులు గూగుల్ ఖాతాకు చేరేవి. విండోస్ ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాకు చేరేవి. ఫోన్ మురికి కాలువలో పడిపోయినా పేర్లు మిగలడం నిజంగా గొప్ప సౌకర్యం. అయితే ఆ ఖాతా బతికి ఉండాలి, దాని పాస్‌వర్డ్ గుర్తుండాలి, ఓటీపీ వచ్చే నంబరు ఇంకా మన దగ్గర ఉండాలి.

బ్లాక్‌బెర్రీది వేరే కథ. బ్యాంకు లాకరు తెరవడానికి మన తాళంచెవితో పాటు బ్యాంకు తాళంచెవి కూడా కావలసినట్టు, ఈ ఫోన్‌కు యజమాని పాస్‌వర్డ్‌తో పాటు కంపెనీ సర్వర్ల తోడు కావాలి. భద్రత విషయంలో అది దాని బలం. 2010లో మన ప్రభుత్వం సందేశాల తనిఖీ కోసం ఆ కంపెనీతో వాదులాడింది కూడా ఆ బలం వల్లే. కానీ బ్లాక్‌బెర్రీ 7.1, అంతకు ముందరి వెర్షన్లకు, బ్లాక్‌బెర్రీ 10కు తోడుగా ఉన్న సేవలు 2022 జనవరి 4న నిలిచిపోయాయి. ఇప్పుడు మిగిలింది మన తాళంచెవి ఒక్కటే. అందుకే ఈ ఫోన్ల విషయంలో తక్కిన అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరం.

మూడో మెట్టు: ఫోన్‌ను ప్రాణంతో లేపడం, చేయకూడని పనులు

ముందు బ్యాటరీ చూడండి. వెనుక మూత తీసి బ్యాటరీని చదునైన బల్ల మీద పెట్టి తిప్పితే అది గుండ్రంగా తిరుగుతున్నా, మూత సరిగా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని ఛార్జింగ్‌కు పెట్టకూడదు, గుచ్చకూడదు. చాలా నోకియా ఫోన్లకు సరిపడే బ్యాటరీలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. బాగున్న బ్యాటరీ అయినా గంటసేపు ఛార్జింగ్‌లో ఉంచిన తర్వాతే స్విచ్ నొక్కండి; సగంలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి రావలసి ఉంటుంది.

జియో సిమ్ 4జీ లేని ఈ పాత ఫోన్లలో పనిచేయదు, ఎందుకంటే ఆ నెట్‌వర్క్‌లో 2జీ, 3జీ లేవు. సిమ్ లేకుండానే చాలా సింబియన్ ఫోన్లు ఆఫ్‌లైన్ రీతిలో తెరుచుకుంటాయి. మన పనికి అది చాలు. పాత ఫోన్ నుంచి ఈమెయిల్‌లో పంపేద్దామన్న ఆలోచన మానుకోండి. నేటి వెబ్‌సైట్లు, మెయిల్ సర్వర్లు కోరే కొత్త భద్రతా ప్రమాణాలు ఆ ఫోన్లకు తెలియవు కాబట్టి కనెక్షన్ కుదరదు. బ్లూటూత్, యూఎస్‌బీ తీగ, మెమరీ కార్డు, ఈ మూడే మనకు మిగిలిన దారులు.

చేయకూడని పనులు మూడు. పని పూర్తయ్యేదాకా ఫ్యాక్టరీ రీసెట్ జోలికి పోకూడదు. సర్వర్లు లేని కాలంలో రీసెట్ చేసిన ఫోన్ మళ్లీ పూర్తిగా తెరుచుకుంటుందన్న భరోసా లేదు. బ్లాక్‌బెర్రీ పాస్‌వర్డ్‌ను ఊహించి కొట్టకూడదు. మామూలుగా పది తప్పు ప్రయత్నాలకు ఆ ఫోన్ తనను తానే చెరిపేసుకుంటుంది. పాత ఐఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించినప్పుడు తెర మీద వచ్చే ప్రశ్నలకు చదవకుండా సరే అనకూడదు. కంప్యూటర్‌లోని ఖాళీ జాబితాతో ఫోన్‌లోని నిండు జాబితాను మార్చేయడానికి అది అనుమతి అడుగుతూ ఉండవచ్చు.

ఇంతకన్నా తొందరగా చేయవలసినది ఖాతాల పని. గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండూ రెండేళ్లపాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానం పెట్టుకున్నాయి. అలాగే మన దేశంలో 90 రోజులు వాడకం లేని సిమ్‌ను కంపెనీ రద్దు చేయవచ్చు, ఆ నంబరు తర్వాత మరొకరికి పోతుంది, మన ఓటీపీ వారికి వెళ్తుంది. పాత ఖాతా ఇంకా తెరుచుకుంటుంటే ఇవాళే లాగిన్ అయి రికవరీ నంబరును మార్చండి. విదేశాలకు వెళ్లి ఇక్కడి నంబరు వదిలేసుకున్న తెలుగువారికి ఎక్కువగా ఎదురయ్యే అడ్డంకి ఇదే.

నాలుగో మెట్టు: మెమరీ కార్డు

చిటికెన వేలి గోరంత మెమరీ కార్డు మూడు వ్యవస్థల్లో మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది. సింబియన్‌లో అది మామూలు కార్డు. తీసి రీడర్‌లో పెడితే ఏ కంప్యూటరైనా చదువుతుంది. ఒక్క మినహాయింపు ఉంది: ఎస్60 అనే రకం సింబియన్ నడిచే నోకియా ఫోన్లలో కార్డుకు పాస్‌వర్డ్ పెట్టే వీలుండేది, అలా తాళం పడిన కార్డును కంప్యూటర్ గుర్తించదు. ముందు పాత ఫోన్‌లోనే మెమరీ మెనూకు వెళ్లి ఆ పాస్‌వర్డ్‌ను తీసేయాలి. బ్లాక్‌బెర్రీలో కార్డు ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి ఉంటే కంప్యూటర్‌లో ఫైళ్లన్నీ కనిపిస్తాయి, కానీ ఒక్కటీ తెరుచుకోదు. ఫోన్‌లో పాస్‌వర్డ్ కొట్టి, తీగ ద్వారా కాపీ చేసుకోవాలి. కార్డు పెట్టుకునే వీలున్న కొద్ది విండోస్ ఫోన్ 7 పరికరాలు ఆ కార్డును తమ సొంత మెమరీలో కలిపేసుకుని తాళం వేస్తాయి, బయటికి తీస్తే ఫోన్ కూడా సరిగా నడవదు. అందువల్ల ఏ వ్యవస్థో తేలకముందు కార్డును పీకవద్దు.

సింబియన్‌ను తీగతో తగిలించినప్పుడు తెర మీద వచ్చే జాబితాలో మాస్ స్టోరేజ్ ఎంచుకుంటే కార్డు కనిపిస్తుంది, ఫోన్ సొంత మెమరీ కనిపించదు. కార్డు కొనకముందు తీసిన ఫోటోలు ఆ సొంత మెమరీలో ఉండిపోయి ఉంటాయి కాబట్టి ముందుగా గ్యాలరీలో వాటిని గుర్తించి కార్డుకు తరలించండి. ఐఫోన్, విండోస్ ఫోన్ 8 తీగ పెట్టగానే కెమెరాలా కనిపిస్తాయి, ఫోటోలు తీసుకోవడానికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర లేదు. విండోస్ ఫోన్ 7కు మాత్రం జూన్ (Zune) అనే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ కావాలి. ఆనాటి 3జీపీ వీడియోలు, ఏఎంఆర్ స్వర రికార్డింగులు నేటి ఫోన్ గ్యాలరీలో తెరుచుకోకపోతే చెడిపోయాయనుకోకండి. వీఎల్‌సీ ప్లేయర్‌లో అవి వినిపిస్తాయి.

కార్డు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఒక ఫోల్డరులోకి కాపీ చేసి, ఆ ప్రతి మీదే పని చేయండి. ఏరుకోవడం తర్వాత.

ఐదో మెట్టు: కాంటాక్టులు

సింబియన్ ఎస్60లో రెండు దారులున్నాయి. కాంటాక్టుల జాబితాలో ఆప్షన్స్ నొక్కి, మార్క్ ఆల్ ఎంచుకుని, బిజినెస్ కార్డుగా బ్లూటూత్ ద్వారా నేటి ఆండ్రాయిడ్ ఫోన్‌కు పంపడం ఒకటి. రెండు ఫోన్లలోనూ ఒకే అంకెల కోడు కొట్టి జత చేయాలి. జాబితా పెద్దదైతే ఇది మధ్యలో తెగిపోవచ్చు, అందుకే రెండో దారి మేలు: అదే మెనూలోని కాపీ ఎంచుకుని మెమరీ కార్డుకు పంపితే, కార్డులోని అదర్స్ ఫోల్డరులో కాంటాక్ట్స్ అనే లోపలి ఫోల్డరు ఏర్పడి, ఒక్కో మనిషికి ఒక్కో వీకార్డు ఫైలు తయారవుతుంది. మూడు వందల మందికి మూడు వందల ఫైళ్లు. వాటిని ఒకటొకటిగా ఎక్కించనక్కర లేదు. వీకార్డు అనేది కేవలం పాఠ్యం కాబట్టి, నోట్‌ప్యాడ్‌లో ఒకదాని కింద ఒకటి అతికించి ఒకే ఫైలుగా భద్రపరిస్తే గూగుల్ కాంటాక్ట్స్ దాన్ని ఒక్కసారిగా తీసుకుంటుంది. కొత్తది ఐఫోన్ అయితే బ్లూటూత్ దారి మూసుకున్నట్టే, అది అలా వచ్చే ఫైళ్లను స్వీకరించదు. కంప్యూటర్‌లో ఐక్లౌడ్ సైటు తెరిచి అక్కడ వీకార్డును దిగుమతి చేయాలి.

పాత బ్లాక్‌బెర్రీ ఓఎస్ ఫోన్లకు కంప్యూటర్‌లో బ్లాక్‌బెర్రీ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ కావాలి. మొదట పూర్తి బ్యాకప్ తీయండి. అది ఐపీడీ లేదా బీబీబీ అనే పొడిగింపుతో (ఫైలు పేరు చివరి అక్షరాలతో) ఉంటుంది. ఆ తర్వాత అదే సాఫ్ట్‌వేర్‌లోని ఆర్గనైజర్ భాగంలో అడ్రస్ బుక్‌ను అవుట్‌లుక్‌తో సింక్ చేయవచ్చు, లేదా పాఠ్య ఫైలుగా ఎగుమతి చేయవచ్చు. బ్లాక్‌బెర్రీ 10లో బ్యాకప్ ఫైలు బ్లాక్‌బెర్రీ ఐడీతో ముడిపడి ఉంటుంది కనుక ఆ దారిని నమ్ముకోవద్దు. ముఖ్యమైన కాంటాక్టులను ఒక్కొక్కటిగా తెరిచి షేర్ ద్వారా బ్లూటూత్‌లో పంపడమే క్షేమం. అయితే ఆ కష్టానికి ముందు మీ గూగుల్ ఖాతాను చూడండి, ఎందుకంటే ఈ తరం ఫోన్లలో చాలామంది దాన్ని జత చేసుకుని ఉండేవారు, పేర్లు ఇప్పటికే అక్కడ ఉండవచ్చు.

విండోస్ ఫోన్ విషయంలో ఫోన్ దాకా వెళ్లనవసరమే లేదు. అందులో వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాతో అవుట్‌లుక్ సైటులోకి వెళ్లి పీపుల్ పేజీ తెరిస్తే పేర్లన్నీ అక్కడ ఉంటాయి, అక్కడి నుంచి సీఎస్‌వీ అనే పట్టిక రూపపు పాఠ్య ఫైలుగా దించుకోవచ్చు. ఐఓఎస్ 5 లేదా ఆపై వెర్షన్ ఉండి ఐక్లౌడ్ వాడినవారికి కూడా ఇదే సౌఖ్యం. అంతకన్నా పాత ఐఫోన్లకు ఐట్యూన్స్ ద్వారా అవుట్‌లుక్‌కు సింక్ చేయడమే దారి.

పాత ఆండ్రాయిడ్‌లో ఒక మెలిక ఉంది. కొత్త పేరు చేర్చేటప్పుడు ఎక్కడ భద్రపరచాలని ఫోన్ అడిగేది: గూగుల్ ఖాతాలోనా, ఫోన్‌లోనా, సిమ్‌లోనా అని. తొందరలో ఫోన్ అని నొక్కిన పేర్లు ఖాతాకు ఎప్పుడూ చేరలేదు. ఇప్పుడు సింక్ చేద్దామన్నా, 2.3.7, అంతకన్నా కింది వెర్షన్లలో గూగుల్ ఖాతా లాగిన్‌ను 2021 సెప్టెంబరు 27 నుంచి ఆపేశారు. కాబట్టి కాంటాక్టుల మెనూలో ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్ తెరిచి ఎస్‌డీ కార్డుకు ఎగుమతి చేయండి. అందరి పేర్లూ ఒకే వీకార్డు ఫైలులో వస్తాయి.

సిమ్ మీదుగా తరలించడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన పద్ధతి, దాదాపు అన్నిటికన్నా నష్టకరమైన పద్ధతి కూడా. సాధారణంగా సిమ్‌లో 250 పేర్లకు మించి పట్టవు, మామూలుగా ఒక్కో పేరుకు ఒక్క నంబరే ఉంటుంది, పేరుకు ఇచ్చే చోటు పదిహేను ఇరవై ఇంగ్లీషు అక్షరాలకు సరిపోతుంది. తెలుగులో రాసిన పేరైతే అందులో సగం కూడా పట్టదు. చిరునామా, పుట్టినరోజు, ఈమెయిల్ అన్నీ దారిలోనే రాలిపోతాయి. మరే దారీ లేనప్పుడే దాన్ని ఎంచుకోండి.

ఆరో మెట్టు: తెలుగు పేర్లు చెడిపోకుండా చూడడం

ఇది తెలుగువారికి ప్రత్యేకమైన సంగతి, అందుకే ఇక్కడ కొంత ఆగాలి. తొలి స్మార్ట్‌ఫోన్లలో తెలుగు అక్షరాలు సరిగా కనిపించడమే అరుదు. ఒపేరా మినీ బ్రౌజర్‌లో కాన్ఫిగ్ పేజీకి వెళ్లి సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపే ఏర్పాటును ఆన్ చేసుకుని తెలుగు సైట్లు చదివిన తరం అది. ఆండ్రాయిడ్ వ్యవస్థలోనే తెలుగుకు తోడ్పాటు 2012లో 4.1 వెర్షన్‌తో వచ్చింది. అందుచేత పాత ఫోన్ తెర మీద ఒక పేరు ఎలా కనిపిస్తున్నదన్నది అది లోపల ఎలా ఉన్నదన్నదానికి సాక్ష్యం కాదు.

మూడు లక్షణాలను వేరు చేసి చూడాలి. పేరు స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపిస్తే భయం లేదు. ఆ ఫోన్‌లో అక్షరరూపం లేదంతే, లోపలి సంకేతాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, కొత్త ఫోన్‌లోకి రాగానే తెలుగు కనిపిస్తుంది. తలమీద గీతలు, టోపీలు ఉన్న యూరోపు అక్షరాల గుంపు కనిపిస్తే ఫైలు యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఉండగా మరో పద్ధతిలో చదివారని అర్థం. ఫైలును మళ్లీ యూటీఎఫ్-8గా తెరిస్తే పేరు తిరిగి వస్తుంది. వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం మార్పిడిలో అక్షరాలు నిజంగానే పోయాయి. ఆ ఫైలును ఇక బాగుచేయలేం, పాత ఫోన్ నుంచి మళ్లీ ఎగుమతి చేయాలి. పాత ఫోన్‌ను రీసెట్ చేయవద్దని ముందే చెప్పడానికి ఇది మరో కారణం.

నోకియా రాసే వీకార్డు 2.1 రకానిది. అందులో ఇంగ్లీషు కాని అక్షరంలోని ప్రతి బైటునూ సమాన గుర్తు, దాని వెంట మరో రెండు గుర్తులుగా, అంటే మొత్తం మూడు గుర్తులుగా రాస్తారు. ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అంటే తొమ్మిది గుర్తులు. వెంకటేశ్వర్లు అన్న పేరులో గుణింతాలు, పొల్లులు, సున్నా కలిపి 13 సంకేతాలున్నాయి కాబట్టి ఆ ఒక్క పేరు ఫైలులో 117 గుర్తులవుతుంది. ఒక వరుస 76 గుర్తులు మించకూడదన్న నియమం వల్ల అది ఒక్క వరుసలో పట్టక విరుగుతుంది, విరిగిన వరుస చివర సమాన గుర్తు ఒంటరిగా మిగులుతుంది. ఈ విరుపును అర్థం చేసుకోని దిగుమతి సాధనాలు పేరును సగంలో కోసేస్తాయి. ఫైళ్లు అతికించేటప్పుడు నోట్‌ప్యాడ్‌లో ఆ ఒంటరి సమాన గుర్తును పనికిరానిదనుకుని తీసేయకండి. దిగుమతి తర్వాత పేర్లు కోతపడితే ఆ గుర్తును, దాని వెంటనున్న వరుస విరుపును రెండింటినీ తీసి పేరును ఒకే వరుసగా కలిపి మళ్లీ ప్రయత్నించండి.

సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరిచే అలవాటు మరో ప్రమాదం. నంబరు ముందున్న సున్నా, కూడిక గుర్తు మాయమవుతాయి; 91తో మొదలయ్యే పన్నెండు అంకెలు దశాంశ బిందువుతో కుదించిన రూపంలో కనిపిస్తాయి; ఆ స్థితిలో ఫైలును భద్రపరిస్తే కుదించిన రూపమే శాశ్వతమై చివరి అంకెలు పోతాయి. ఎక్సెల్‌లోనే చూడాలనుకుంటే డేటా మెనూ నుంచి పాఠ్యంగా దిగుమతి చేసి, నంబర్ల నిలువు వరుసకు టెక్స్ట్ అని రకం నిర్ణయించండి.

నంబర్ల ముందు 91 చేర్చడం కూడా ఈ మెట్టులోనే చేసుకోవాలి. పాత ఫోన్లలో పది అంకెలుగానో, ముందు సున్నాతోనో రాసుకున్నవి ఇక్కడ పనిచేస్తాయి గానీ, అమెరికాలోనో దుబాయిలోనో అక్కడి నంబరుతో వాట్సాప్ వాడేవారికి కూడిక గుర్తు, 91 లేని పేరు గుర్తుపట్టబడదు. ల్యాండ్‌లైన్లకు ముందున్న సున్నా తీసి 91 చేర్చాలి. హైదరాబాదు 040 అలా 91 40 అవుతుంది.

ఏడో మెట్టు: మెసేజీలు, క్యాలెండర్

మెసేజీలకు వీకార్డు వంటి సామాన్య రూపం లేదు, అందుకే ఇది కష్టమైన భాగం. సింబియన్‌లో నోకియా పీసీ సూట్ లేదా నోకియా సూట్‌తో పూర్తి బ్యాకప్ తీస్తే ఎన్‌బీయూ వంటి ఫైలు వస్తుంది. కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కకపోతే ఫోన్‌లోనే మెమరీ మెనూలో బ్యాకప్ ఎంచుకోవచ్చు, అప్పుడు కార్డులో ఏఆర్‌సీ పొడిగింపుతో ఫైలు తయారవుతుంది. ఈ రెండు రకాలనూ తెరిచే ఎన్‌బీయూ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత సాధనం ఉంది. అది మెసేజీలను, కాంటాక్టులను విడివిడిగా బయటికి తీస్తుంది. బ్లాక్‌బెర్రీ ఐపీడీ ఫైళ్లకు మ్యాజిక్‌బెర్రీ ఇటువంటిదే. వాటిని కొత్త ఫోన్ ఇన్‌బాక్సులోకి ఎక్కించాలన్న పట్టుదల అనవసరమని నా అభిప్రాయం. చదవగలిగే పాఠ్యంగా దాచుకుంటే చాలు. ఎన్నో ఏళ్ల కిందటి మెసేజీలను బ్యాంకు ఓటీపీల మధ్య వెతుక్కోవడం ఎవరికీ సుఖం కాదు.

విండోస్ ఫోన్ 8.1లో కాంటాక్టులను, మెసేజీలను కలిపి కార్డుకు రాసే మైక్రోసాఫ్ట్ యాప్ ఉండేది. ఆ స్టోర్ 2019 డిసెంబరు 16న మూతపడింది కాబట్టి అప్పటికే ఎక్కించుకున్నవారికే అది అక్కరకొస్తుంది. తక్కినవారు ముఖ్యమైన సంభాషణలను స్క్రీన్‌షాట్లు తీసి ఫోటోలతో పాటు కాపీ చేసుకోవాలి. అందంగా లేకపోయినా నమ్మదగిన పద్ధతి.

సింబియన్ క్యాలెండర్ వీసీఎస్ అనే పాత రూపంలో వస్తుంది. గూగుల్ క్యాలెండర్ ఐసీఎస్‌నూ సీఎస్‌వీనీ మాత్రమే తీసుకుంటుంది. మార్చడానికి సాధనాలున్నా, పాత అపాయింట్‌మెంట్ల కోసం అంత శ్రమ పడనక్కర లేదు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు చేత్తో రాసుకోండి.

ఎనిమిదో మెట్టు: ఆశ వదులుకోవలసినవి

యాప్‌లు, ఆటలు, కొన్న రింగ్‌టోన్లు ఒక వ్యవస్థ నుంచి మరొకదానికి రావు. వాట్సాప్ సింబియన్ ఎస్60 మీద 2017 జూన్ 30 తర్వాత, బ్లాక్‌బెర్రీల మీద 2017 డిసెంబరు 31 తర్వాత, విండోస్ ఫోన్ మీద 2019 డిసెంబరు 31 తర్వాత ఆగిపోయింది. ఆ వ్యవస్థల చాట్ బ్యాకప్‌ను ఆండ్రాయిడ్ వాట్సాప్ తెరవదు. ఫోన్‌లో పాత చాట్లు ఇంకా కనిపిస్తుంటే స్క్రీన్‌షాట్లే గతి, అందులో వచ్చిన ఫోటోలు మాత్రం కార్డులోనో ఫోన్ గ్యాలరీలోనో మామూలు ఫైళ్లుగా ఉంటాయి. సామాన్య వాడకందారుల బీబీఎం (బ్లాక్‌బెర్రీ మెసెంజర్) 2019 మే 31న మూతపడింది, సర్వర్ల నుంచి ఇక తెచ్చుకునేదేమీ లేదు.

తొమ్మిదో మెట్టు: పాతదాన్ని విడిపించడం

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు మారేవారు యాపిల్ సొంత మెసేజ్ సేవ అయిన ఐమెసేజ్ నుంచి తమ నంబరును తప్పించాలి. లేకపోతే ఇతర ఐఫోన్ల నుంచి వచ్చే మెసేజీలు ఎస్సెమ్మెస్‌గా రాకుండా పాత ఐఫోన్ కోసం యాపిల్ సర్వర్ల దగ్గర ఆగిపోతాయి. ఫోన్ చేతిలో ఉంటే సెట్టింగ్స్‌లో ఐమెసేజ్ ఆఫ్ చేయడమే చాలు. లేనివారి కోసం యాపిల్ 2014 నవంబరులో వెబ్ సైటులో ఒక పేజీ పెట్టింది, అక్కడ నంబరు ఇచ్చి కోడుతో ధ్రువీకరించాలి. అమెరికాలో ఉన్న బంధువులు ఎక్కువగా ఐఫోన్ వాడతారు కాబట్టి వారి మెసేజీలు అందడం లేదన్న ఫిర్యాదు వస్తే ముందు ఇదే చూడండి.

తెచ్చుకున్న సమాచారం రెండు చోట్ల, అంటే కొత్త ఫోన్‌లో ఒకటి, కంప్యూటర్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో మరొకటి, భద్రంగా ఉన్నదని కొన్ని ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే పాత ఫోన్‌ను చెరపండి. ఎస్60 నోకియాల్లో నంబరు కొట్టే చోట *#7370# కొడితే లాక్ కోడ్ అడుగుతుంది. మీరు మార్చకపోయి ఉంటే అది 12345. పాత బ్లాక్‌బెర్రీలో సెక్యూరిటీ ఆప్షన్లలోని వైప్ ఎంచుకుంటే, నిర్ధారణ కోసం బ్లాక్‌బెర్రీ అన్న పదాన్నే ఇంగ్లీషులో టైపు చేయమంటుంది. రెండింటిలోనూ మెమరీ కార్డు, సిమ్ బయటికి తీసిన తర్వాతే ఈ పని మొదలుపెట్టండి. ఫోన్‌ను, ముఖ్యంగా ఉబ్బిన బ్యాటరీని, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలను తీసుకునే అధీకృత కేంద్రానికో, పాత ఫోన్లు వెనక్కి తీసుకునే కంపెనీ సర్వీస్ సెంటరుకో ఇవ్వండి. బ్యాటరీని ఫోన్ నుంచి వేరు చేసి, దాని లోహపు కొనల మీద టేపు అంటించి అప్పగించాలి.